తారీఖు అంటే చరిత్ర కూడా

ఉర్దూలో 'తారీఖ్' అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి తేదీ, రెండోది చరిత్ర. బి.ఏ.లో ఉన్నప్పుడు మా నానీ "ఏం చదువుతున్నావురా" అనడిగితే "తారీఖ్" అన్నాను. "క్యాలెండర్ చూడ్డానికి కూడా కాలేజీ పెట్టినారా" అని నవ్వింది. తెలుగు ఈ మాటను మా దగ్గర్నించి తీసుకుంది. కానీ సగమే తీసుకుంది. తెలుగులో తారీఖంటే తేదీ మాత్రమే. జీతం తారీఖు, లగ్నం తారీఖు, కోర్టు తారీఖు. చరిత్ర అనే రెండో సగం గడప అవతలే ఉండిపోయింది.

మా బతుకు కూడా అట్లాగే ఉందని నాకు చాలాసార్లు అనిపిస్తుంది. తెలుగు నేల మీద మాకు తారీఖులున్నాయి. సెలవు ఇచ్చే తారీఖులు, బందోబస్తు పెట్టే తారీఖులు. వాటి చరిత్ర రాసే చెయ్యి మాత్రం మాది కాదు.

పత్రికల్లో 'చరిత్రలో ఈ రోజు' అని ఒక శీర్షిక వస్తుంది. ఉర్దూ పత్రికల్లోనూ 'ఆజ్ కా దిన్, తారీఖ్ మే' అని వస్తుంది. రెండు భాషల్లోనూ విలేకరి పని చేసినవాణ్ణి కాబట్టి రెండూ చదువుతాను. కొన్నేళ్లు ఒక చిన్న పత్రిక డెస్కులో ఆ శీర్షిక రాసే పని కూడా నాకే అంటగట్టారు. పావు కాలమ్ స్థలం, ఐదారు వాక్యాలు. దాన్ని ఎవరూ రచనగా లెక్కపెట్టరు. మన విమర్శకులు కథనూ కవితనూ పట్టుకుంటారు, ఈ పావు కాలమ్ జోలికి రారు. కానీ మా ఆదోనిలో జిన్నింగు మిల్లు గేటు దగ్గర టీ తాగే హమాలీ, ఎమ్మిగనూరులో మగ్గం దిగి పేపరు తిరగేసే నేతగాడు రోజూ చదివే చరిత్ర పుస్తకం ఇదొక్కటే. కథల పుస్తకాలు కొననివాళ్ల బుర్రల్లోకి పోయే రాత ఇది. అందుకే ముందు విమర్శకు పెట్టాల్సింది దీన్నే అంటాను.

ఈ శీర్షికకు ఒక రచనా పద్ధతి ఉంది. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు దేశాల్లో జరిగిన సంగతుల్ని ఒకే తేదీ కింద వరసగా పెడుతుంది. ఒకదానికీ ఇంకొకదానికీ సంబంధం చెప్పదు. చెప్పకపోవడాన్నే నిష్పాక్షికత అనుకుంటుంది. కానీ ఏది ఎంచుకున్నామో, దానికి ఏ పేరు పెట్టామో, దేన్ని వదిలేశామో, ఆ మూడింట్లోనే పక్షపాతం అంతా ఉంది.

ముందు వదిలేసిన వాటి సంగతి చూద్దాం. అక్టోబరు 12 వస్తే కొలంబస్ తప్పకుండా వస్తాడు. 1492లో ఆయన అమెరికా దీవుల్లో కాలు పెట్టిన రోజు. అదే అక్టోబరు 12న, 1800లో, హైదరాబాద్ నిజాం ఈస్టిండియా కంపెనీతో ఒప్పందం రాసుకుని తుంగభద్రకు దక్షిణాన ఉన్న తన ప్రాంతాలన్నీ కంపెనీకి ఇచ్చేశాడు. తన రాజ్యంలో కంపెనీ సైన్యాన్ని పోషించే ఖర్చు కింద. అందులో ఆదోని ఉంది. టిప్పు సుల్తాన్ మీద 1792లో, 1799లో గెలిచి పంచుకున్న భూములూ ఉన్నాయి. మనల్ని 'దత్త మండలాలు' అని పిలిచింది ఆ రోజునుంచే. ఆ పేరులోని అవమానం వదిలించుకుని 'రాయలసీమ' అని పేరు పెట్టుకోడానికి 1928 నంద్యాల సభ దాకా ఆగాల్సొచ్చింది. కోటిమందికి పైగా జనం బతుకు మలుపు తిప్పిన తారీఖది. దాన్ని ఒక్కసారి కూడా ఈ శీర్షికలో చూడలేదు. కొలంబస్‌ను మాత్రం ప్రతి ఏడూ చూశాను.

అక్టోబరు 1 కూడా అంతే. 1949లో చైనా ప్రజా గణతంత్రం ఏర్పడిన రోజని వేస్తారు. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజని వేస్తారు. అదే రోజు బళ్లారి జిల్లాను విడగొట్టి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను ఆంధ్రకిచ్చి మిగతాది మైసూరుకు ఇచ్చారని వెయ్యరు. అప్పుడు ఎమ్మిగనూరు ఆదోని తాలూకాలోదే. తెలుగు, కన్నడం, ఉర్దూ ముగ్గురూ ఒకే అరుగు మీద కూర్చునే ప్రాంతం మాది. రాష్ట్రం వచ్చిన సంబరంలో సరిహద్దు ఎవరింటి మధ్యనుంచి పోయిందో ఎవరడుగుతారు?

ఇంకా నొప్పి కలిగించేవి ఉన్నాయి. ఆగస్టు 6న హిరోషిమా తప్పనిసరి. 1945లో బాంబు పడిన రోజు, వెయ్యాల్సిందే. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో దళితుల్ని వెంటాడి నరికి చంపారు. ఎక్కడో జపాన్ కోసం కన్నీరు పెట్టగలిగిన పావు కాలమ్‌కు తెనాలి పక్కన ఉన్న ఊరు కనిపించదు. జులై 17 చూడండి. 1857లో ఆ రోజే తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి జనాన్ని నడిపించారు. తుర్రేబాజ్ ఖాన్‌ను తర్వాత కాల్చి చంపారు. అల్లావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు. సరిగ్గా 128 ఏళ్లకు, 1985 జులై 17న, కారంచేడులో మాదిగలను ఊచకోత కోశారు. తెలుగు నేల మీద ముస్లిం చరిత్రా దళిత చరిత్రా ఒకే తేదీ మీద కలిసిన చోటు అది. శీర్షిక రాసేవాడికి ఇద్దరిలో ఒక్కరైనా గుర్తొస్తారా? గుర్తొచ్చినా ఇద్దరినీ పక్కపక్కన పెడతాడా?

ఇక పేరు పెట్టే సంగతి. నేను డెస్కులో ఉన్నప్పుడు సెప్టెంబరు 17 శీర్షిక రాయాల్సొచ్చింది. 1879లో పెరియార్ పుట్టిన రోజు. 1915లో పండరిపురంలో ఎం.ఎఫ్. హుసేన్ పుట్టిన రోజు. ఆ ఇద్దరినీ రాశాను. 1948 దగ్గర కలం ఆగింది. "హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది" అని రాసి ఇచ్చాను. పొద్దున పేపర్లో "నిజాం నిరంకుశ పాలననుండి విమోచన" అని వచ్చింది. అడిగితే "నువ్వు రాసింది చప్పగా ఉంది భాయ్, అంతే" అన్నాడు పెద్దాయన. ఆయన చెడ్డవాడు కాదు. నాకు సాయం చేసినవాడే. కానీ తన మాట చరిత్రనీ, నా మాట చప్పనిదనీ ఆయనకు అంత తేలిగ్గా ఎట్లా తెలిసింది?

ఆ ఒక్క రోజుకు ఎన్ని పేర్లున్నాయో లెక్కబెట్టండి. విమోచన, విలీనం, విద్రోహం. ప్రభుత్వ భాషలో పోలీసు చర్య. ఉర్దూలో సుఖూతె హైదరాబాద్, అంటే హైదరాబాద్ పతనం. మహారాష్ట్రలో మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం. కర్ణాటకలో ఏళ్ల తరబడి హైదరాబాద్-కర్ణాటక విమోచన దినం, 2019 నుంచి కల్యాణ కర్ణాటక ఉత్సవ దినం. 2022లో తెలంగాణ ప్రభుత్వం సమైక్యతా దినం అంది. అదే రోజు అదే నగరంలో కేంద్ర ప్రభుత్వం విమోచన దినం చేసింది. 2024లో తెలంగాణలో ప్రభుత్వం మారాక ప్రజాపాలన దినోత్సవం అయింది. ఒక తారీఖుకు ఇన్ని పేర్లు పెట్టాల్సొచ్చిందంటే అసలు జరిగిందేమిటో ఇంకా తేలలేదన్నమాట. తేలని సంగతిని తేలినట్టు ఒక్క మాటలో కొట్టెయ్యడమే ఈ శీర్షిక చేసే పని.

జరిగిందేమిటి? సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి దిగింది. 17న, శుక్రవారం నాడు, నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. రాజు ఎక్కడికీ పోలేదు. 1950 నుంచి 1956 దాకా అదే నిజాం హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్‌గా ఉన్నాడు. పోయింది ఎవరు? ఆ ఏడాది చివర్లో పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులు ప్రభుత్వం పంపగా ఊరూరూ తిరిగి వచ్చారు. పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ నలిగాయన్నారు. ముస్లింలను కాపాడిన హిందువుల గురించి కూడా రాశారు. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. 2013లో గాని ఢిల్లీలో నెహ్రూ స్మారక గ్రంథాలయంలో పాఠకులకు అందలేదు. అరవై అయిదేళ్లు బీరువాలో పెట్టిన చావులకు ఏ తారీఖు కింద చోటిస్తారు?

ఇక్కడ నా వాళ్లను కూడా ఒక మాట అడగాలి. అడక్కపోతే ఈ విమర్శకు విలువ లేదు. నేను చూసిన ఉర్దూ శీర్షికల్లో సెప్టెంబరు 17 కన్నీటితో వస్తుంది. మరి 1948 ఆగస్టు 22? 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను రజాకార్లు నడి వీధిలో చంపిన తారీఖు అది. మన భాషలో, మన వృత్తిలో, మనవాడు. సంస్థానం భారతదేశంలో కలవాలని రాసినందుకు చంపారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీద రజాకార్లు, నిజాం పోలీసులు విరుచుకుపడి గ్రామస్థుల్ని నిలబెట్టి కాల్చారు. ఈ రెండూ ఉర్దూ పావు కాలమ్‌లో నాకు కనిపించలేదు. తన తప్పు తారీఖుల్ని దాచుకునేవాడు పక్కవాడి తప్పు తారీఖుల్ని గట్టిగా చదవలేడు. గొంతు పెగలదు.

ఇందులో ఆదోనివాళ్ల బాధ ఇంకొక రకం. సెప్టెంబరు 17 మాది కానే కాదు. ఆదోని నుంచి రాయచూరు పోయే రైలు తుంగభద్ర వంతెన దాటితే అవతల నిజాం రాజ్యం. ఇవతల మేము మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. 1947 ఆగస్టు 15నే మాకు స్వాతంత్ర్యం వచ్చింది. అయినా ప్రతి ఏడూ ఆ రోజు టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు నవ్వుతూ అంటారు: "ఏమప్పా సాయిబూ, మీ నిజాము పోయిన దినం గదా ఇయ్యాల!" ఒకసారి నేనూ నవ్వుతూనే చెప్పాను: "మా నిజాము 1800లోనే మమ్మల్నీ మిమ్మల్నీ కలిపి కుంపిణీకి అమ్ముకోని పోయినాడు లేప్పా. అప్పటినుంచి నువ్వూ నేనూ ఒకే ఖాతా." ఆయన నవ్వాడు. ఆయనకు అక్టోబరు 12 తెలియదు. తెలిసుంటే ఆ ప్రశ్న అడిగేవాడు కాదేమో.

ముస్లిం అయితే చాలు, ఏ ఊరివాడైనా, ఏ కాలంవాడైనా, అన్ని తారీఖులకూ జవాబు చెప్పాలి. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాసింది ఈ బరువు గురించే. మేం పుట్టకముందే చరిత్ర మా ఒంటి మీద వేసి ఉంచిన మచ్చ గురించి. ఆ కావ్యం బాబ్రీ మసీదు కూలడానికి ముందే వచ్చిందన్న సంగతి చాలామంది మరిచిపోతారు. 1998లో 'జల్జలా' సంకలనం వచ్చాక తెలుగులో ముస్లిం గొంతులు గుంపుగా వినిపించాయి. ఈ కవులు చేసిన పనిని నేనిట్లా అర్థం చేసుకుంటాను: తెలుగు తారీఖుకు ఉర్దూ తారీఖ్‌లోని రెండో అర్థాన్ని తిరిగి ఇచ్చారు. పత్రికల పావు కాలమ్ దాకా మాత్రం ఆ పని ఇంకా రాలేదు.

ఒకే తారీఖున రెండు సంగతులు జరగడం యాదృచ్ఛికమే కదా, ఇంత గోల దేనికని కొందరు లౌకికవాద మిత్రులు అడగొచ్చు. కొన్ని యాదృచ్ఛికాలే. కొన్ని కావు. 1930 జనవరి 26న సంపూర్ణ స్వరాజ్య దినం జరుపుకున్నారు కాబట్టే రాజ్యాంగాన్ని 1950లో అదే తేదీన అమల్లోకి తెచ్చారు. ఆగస్టు 15ను మౌంట్‌బాటన్ ఎంచుకున్నాడు, 1945లో జపాన్ లొంగిపోయిన రోజని. ఆయన ఎంచుకున్న ఆ రోజు 1947లో రంజాన్ నెలలో ఆఖరి శుక్రవారం అయింది. అది ఆయన లెక్కలో లేదు. జుమా నమాజుకు వెళ్లిన ముసల్మాన్లకు మాత్రం స్వాతంత్ర్యమూ ఉపవాసమూ కలిసి గుర్తున్నాయి. పాలకుడు ఒక క్యాలెండర్ చూసి రోజు పెడతాడు. జనం తమ క్యాలెండర్ చూసి దాన్ని గుర్తుపెట్టుకుంటారు.

నవంబరు 9 చూడండి. 1877లో కవి ఇక్బాల్ పుట్టిన రోజు. ఉర్దూ ప్రేమికులు ఉర్దూ దినంగా జరుపుకుంటారు. 1989లో ఆ రోజే బెర్లిన్ గోడ తెరుచుకుంది. అదే రోజు అయోధ్యలో శిలాన్యాసం జరిగింది. ఒక చోట గోడ కూలుతుంటే ఇంకొక చోట ఇటుక పెట్టారు. 2019లో మళ్లీ అదే నవంబరు 9న, శనివారం, సుప్రీంకోర్టు అయోధ్య తీర్పు చెప్పింది. 1992 కూల్చివేత చట్టాన్ని ఘోరంగా ఉల్లంఘించిందని చెబుతూనే స్థలాన్ని గుడికిచ్చింది. మసీదుకు వేరే చోట అయిదెకరాలిమ్మంది. మరునాడు మిలాదున్నబీ. మా వీధుల్లో పచ్చజెండాలు కట్టే కుర్రాళ్లు ఆ సాయంత్రం నిచ్చెన మీద నిలబడే ఫోన్లు చూసుకున్నారు. ఇవన్నీ ఎవరో కావాలని పెట్టిన ముహూర్తాలని నేననను. కానీ శీర్షికలో బెర్లిన్ గోడ ఒక్కటే వస్తే, అది ఎంపిక. ఇక 2019 ఆగస్టు 5న కశ్మీర్ ప్రతిపత్తి తీసేసి, 2020లో అదే ఆగస్టు 5న అయోధ్యలో భూమిపూజ చేశారు. ఒకటి ఆ తారీఖు మీద గెలుపుగా నిలబడితే ఇంకొకటి దాని మీద రెండో అంతస్తుగా లేస్తుంది. తారీఖుల్ని కూడా ఆక్రమించుకోవచ్చని మా తరం కళ్లారా చూసింది.

మాకు ఇంకో క్యాలెండర్ ఉంది. హిజ్రీ లెక్కలో ఏడాది పదకొండు రోజులు పొట్టిది. అందుకని పీర్ల పండుగ ఒక ఏడు ఎండల్లో, కొన్నేళ్లకు చలిలో, ఇంకొన్నేళ్లకు వానల్లో వస్తుంది. ముప్పై మూడేళ్లలో ఏడాదంతా చుట్టి వచ్చి పక్కవాడి ప్రతి పండుగనూ ఒకసారి పలకరించి పోతుంది. మా పడమటి పల్లెల్లో పీరు ఎత్తేది ముస్లిమొక్కడే కాదు. బోయలు, కురుబలు, మాదిగలు గుండం చుట్టూ తిరుగుతారు. 'చరిత్రలో ఈ రోజు'కు ఇది పట్టదు, ఎందుకంటే ఇది ఒక తేదీకి నిలబడదు.

మంత్రాలయం సంగతి కూడా అంతే. రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశం చేసిన తిథి శ్రావణ బహుళ విదియ. ఏటా ఆరాధనకు లక్షల మంది వస్తారు. పత్రికలు ప్రత్యేక పేజీలు వేస్తాయి. ఆ మంచాల గ్రామాన్ని స్వామికి ఇచ్చినవాడు ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ అని క్షేత్ర కథే చెబుతుంది. ఆఫ్రికా మూలాలున్న హబ్షీ అతను, బిజాపూర్ సుల్తానుల తరఫున ఆదోనిని ఏలినవాడు. ఆదోని జామా మసీదు కట్టించింది అతనే. కథలో మాత్రం అతని పాత్ర స్వామికి మాంసం పంపి పరీక్షపెట్టి, అది పువ్వులైతే పశ్చాత్తాపపడటం. భక్తుల కథ అతన్ని పరీక్షపెట్టినవాడుగానైనా గుర్తుపెట్టుకుంది. పత్రిక అదీ చెయ్యదు. 1680ల చివర్లో అతని మీదికి వచ్చినవాడు ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్. కోట లొంగకపోతే ఫిరంగులు మసీదు వైపు తిప్పారనీ, తను ప్రేమగా కట్టుకున్న మసీదు పగలకూడదని మసూద్ ఖాన్ కోట వదిలేశాడనీ మా ఊళ్లో చెప్పుకుంటారు. 1786లో ఇదే కోట మీదికి వచ్చినవాడు టిప్పు. లోపల ఉన్నవాళ్లు నిజాం బంధువులు. ముస్లిం పాలన అని ఒక్క మాటతో కట్టగట్టేవాళ్లు ఆదోని కోట గోడల దగ్గరికి ఒకసారి రావాలి. లోపలా బయటా ఎవరున్నారో చూడాలి.

ఆఖరికి డిసెంబరు 6. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

1956 డిసెంబరు 6న ఢిల్లీలో అంబేద్కర్ కన్నుమూశారు. 1992 డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదును కూల్చేశారు. అది ఆదివారం. నేను ఏడో తరగతి. సెలవని ఎమ్మిగనూరులో నానీ ఇంట్లో ఉన్నాం. సాయంత్రం అబ్బా రేడియో చెవికి ఆనించుకుని బీబీసీ ఉర్దూ వింటున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. అమ్మీ వెలిగించిన పొయ్యి ఆర్పేసింది. రాత్రి పక్కింటి మగ్గం తాత చాప తెచ్చి మా అరుగు మీద పరుచుకున్నాడు. "తలుపేసుకోని పండుకో సాయిబూ, నేనీడ ఉంటా" అన్నాడు. ఆ రాత్రి మా వీధిలో ఏమీ జరగలేదు. కానీ మా అబ్బా ఆ తర్వాత ఎప్పుడూ 'మన దేశం' అనే మాటను ఇంతకుముందులా తడుముకోకుండా అనలేకపోయాడు.

పెద్దయ్యి విలేకరినయ్యాక ఎన్నో డిసెంబరు ఆరులను వార్తలుగా రాశాను. పొద్దున అంబేద్కర్ విగ్రహానికి పూలమాలలు. మధ్యాహ్నం మసీదు దగ్గర నల్ల బ్యాడ్జీలు. రెండూ నేనే రాసి పంపేవాణ్ణి. మొదటిది 'ఘన నివాళి' అని వచ్చేది. రెండోది వచ్చేది కాదు. దాని బదులు 'పటిష్ట బందోబస్తు, డిసెంబరు 6 ప్రశాంతం' అని వచ్చేది. ఆ రోజు ముస్లిం పేపర్లోకి వచ్చేది శాంతిభద్రతల సమస్యగానే. ఏడ్చాడని రాయరు, గొడవ చెయ్యలేదని రాస్తారు. 2020 సెప్టెంబరు 30న ప్రత్యేక న్యాయస్థానం కూల్చివేత కేసులో 32 మంది నిందితుల్నీ విడుదల చేసింది. ఇన్నేళ్లు కోర్టు తారీఖులు చూసి చూసి, చివరికి మసీదు తనంతట తనే కూలిందని అనుకోవాల్సిన స్థితిలో పడ్డాం.

'చరిత్రలో ఈ రోజు' డిసెంబరు 6న ఈ రెంటినీ వేస్తే రెండు వేర్వేరు చుక్కలుగా వేస్తుంది. రాజ్యాంగం రాసినాయన పోయిన రోజూ, ఆ రాజ్యాంగం సాక్షిగా ఒక ప్రార్థనాస్థలం పోయిన రోజూ ఒకటే కావడం యాదృచ్ఛికం కావచ్చు. కానీ దాన్నుంచి అర్థం తీయడం మన చేతిలో ఉంది. ఈ తప్పు పత్రికలదే కాదు. విగ్రహం దగ్గర మాట్లాడే మా దళిత మిత్రులు మసీదు మాట ఎత్తితే ఓట్లు చెదురుతాయని జంకుతారు. మసీదు దగ్గర మాట్లాడే మా పెద్దలు అంబేద్కర్ పేరు ఎత్తరు. మాలో అష్రాఫ్‌లమని చెప్పుకునేవాళ్లకు ఆయన గుర్తొస్తే దూదేకులవాళ్లూ కసాయివాళ్లూ లద్దాఫులూ కూడా గుర్తురావాలి కదా, ఆ భయం. ఒకే రోజు ఒకే ఊళ్లో, నాలుగు వీధుల దూరంలో, రెండు దుఃఖాలు వీపు వీపు పెట్టుకుని కూర్చుంటున్నాయి. ఒకే తేదీ కింద మనల్ని పక్కపక్కన కూర్చోబెట్టిన పావు కాలమ్ మనల్ని పరిచయం చెయ్యలేదు. మనమూ ఒకరినొకరు పలకరించుకోలేదు.

అందుకే యువ రచయితల్ని ఒకటే అడుగుతున్నాను. ఎవరి ఊరి తారీఖు పుస్తకం వాళ్లు రాసుకోండి. ఉర్దూలో తారీఖ్ అంటే ఏమిటో ఆ అర్థంలో. మా పుస్తకంలో అక్టోబరు 12 కింద కొలంబస్‌తోపాటు ఆదోని ఉండాలి. జులై 17 కింద తుర్రేబాజ్ ఖాన్ పక్కన కారంచేడు ఉండాలి. ఆగస్టు 22 కింద షోయబుల్లా ఖాన్, చంపినవాళ్ల పేరు దాచకుండా. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ల సహకార సంఘం పెట్టాక ఏయే ఇళ్లలో మగ్గాలు ఆడాయో, ఎప్పుడు ఆగాయో, అవి కూడా ఉండాలి.

కొన్నేళ్ల కిందట ఒక డిసెంబరు 6న విగ్రహానికి దండ వేసిన ఒక మాదిగ మిత్రుడు, కవి, చేతికి అంటిన బంతిపూల రేకులతోనే మసీదు దాకా వచ్చాడు. జొహర్ నమాజు అయ్యేదాకా బయట వేపచెట్టు కింద నిలబడ్డాడు. మేం బయటికొచ్చాక ఒక నల్ల బ్యాడ్జీ అడిగి చొక్కాకు పెట్టుకున్నాడు. ఇద్దరం టీ తాగాం. పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. మరునాటి పేపర్లో 'డిసెంబరు 6 ప్రశాంతం' అని వచ్చింది. అతని సంగతి రాలేదు. ఇక్కడ రాస్తున్నాను.